చివరి మాటదే పెత్తనం

గూడూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తెలుగులో రాసుకొచ్చే పొలం అమ్మకపు కాగితాల్లో దేన్ని తీసుకున్నా మొదటి వాక్యం దాదాపు ఒకటే. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన తేదీ. పిమ్మట జిల్లా, మండలం, గ్రామం. అక్కడి కాపురస్తులు ఫలానా వారి కుమారులు ఫలానా గారికి. మళ్ళీ జిల్లా, మండలం, గ్రామం. అక్కడి కాపురస్తులు ఫలానా వారి కుమారులు ఫలానా వారు ‘సమ్మతించి వ్రాయించి ఇచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు ఏమనగా’. అరపేజీ ఆక్రమించే ఈ మాటలన్నీ ఆనుకున్న నామవాచకం ఒక్కటే, దస్తావేజు. మిగిలినదంతా అది ఎప్పటిది, ఎవరికి ఇచ్చినది, ఎవరు ఇచ్చినది, ఎలాంటిది అని చెప్పే విశేషణం. వాక్యమంతా చదివితే గాని విశేష్యం కంటబడదు. అదే అమ్మకానికి ఇంగ్లీషులో కాగితం రాస్తే ‘దిస్ డీడ్ ఆఫ్ సేల్’ అని మొదటి మాటలోనే విషయం తేలిపోతుంది. తేదీ, మనుషులు, ఊళ్ళు అన్నీ దాని వెనక వస్తాయి. ఒకే లావాదేవీ, ఒకే చట్టం, ఒకే కచేరీ. మాటల వరుస మాత్రం తలకిందులు. ఈ రెండు వరుసలూ నాలుగు వందల ఏళ్ళుగా నెల్లూరు సీమలో పక్కపక్కనే ఉంటున్నాయి. అంతకు ముందు సంస్కృతం, ఆ తర్వాత ఫారసీ కూడా ఇక్కడి కాగితాల మీద పెత్తనం చేసి పోయాయి. మాటలెన్నో మారాయి. తెలుగు నామపదబంధంలో విశేష్యం చివరనే ఉండాలన్న కట్టు మాత్రం మారలేదు. అది తెలుగు పట్టుదల వల్ల జరిగింది కాదు. వచ్చిన ప్రతి భాషలోనూ సగం భాగం తెలుగు వరుసకు సరిపోయింది. సరిపోయినదాన్ని తెలుగు ఉన్నదున్నట్టు తీసుకుంది, సరిపోనిదాన్ని తిప్పి రాసుకుంది, తిప్పడానికి కుదరనిదాన్ని ఒకే మాటగా బిగించేసుకుంది. నెల్లూరు సీమ శాసనాలూ దస్తావేజులూ చెప్పే చరిత్ర ఇదే.

ముందు ఇంగ్లీషు వరుస ఏమిటో సరిగ్గా చూడాలి. ‘ఆ మూడు పెద్ద ఇళ్ళు’ అన్నదాన్ని ఇంగ్లీషులో ‘దోజ్ త్రీ బిగ్ హౌసెస్’ అంటారు. ఒక్క మాట కూడా చోటు మారలేదు. నిర్దేశకం, సంఖ్య, గుణం, చివర నామవాచకం. ఇంతవరకు రెండు భాషలదీ ఒకే దారి. ‘గూడూరులో మా తాత కట్టిన ఇల్లు’ అనగానే దారులు వేరవుతాయి. ఇంగ్లీషు ముందు ఇల్లు అనేసి, తాత కట్టడం, గూడూరులో ఉండడం అన్నీ వెనక తగిలిస్తుంది. అంటే ఇంగ్లీషు నామపదబంధం రెండు ముఖాలది: చిన్న విశేషణాలు ముందు, పెద్ద విశేషణాలు వెనక. తెలుగుది ఒకే ముఖం; చిన్నదైనా పెద్దదైనా విశేషణం ముందే రావాలి. షష్ఠి విషయంలో ఇంగ్లీషు ద్వంద్వం మరీ స్పష్టం. రాజు గారి ఇల్లు అనడానికి రాజును ముందుపెట్టే పద్ధతీ ఉంది, ‘ఆఫ్’ చేర్చి వెనకపెట్టే పద్ధతీ ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో షష్ఠి విభక్తి రూపం నామవాచకానికి ఇటూ అటూ రెండు వైపులా వచ్చేది. విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాక, నార్మన్ల పాలన తర్వాతి శతాబ్దాల్లో, ‘ఆఫ్’ ప్రయోగం విపరీతంగా పెరిగి వెనక చోటును సొంతం చేసుకుంది. కాబట్టి మన తీరానికి దిగేనాటికే ఇంగ్లీషు రెండు కాలాల వరుసలను ఒకే మాటలో మోస్తున్న భాష.

ప్రపంచ భాషల్లో ఈ వరుసలు యాదృచ్ఛికం కావని పద్ధతిగా చూపించినవాడు అమెరికన్ భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్. 1963లో అచ్చయిన వ్యాసంలో ఆయన 30 భాషలను పోల్చి 45 సార్వత్రిక సూత్రాలు ప్రతిపాదించాడు. ద్రావిడ భాషల తరఫున ఆ ముప్ఫైలో కన్నడం ఉంది. క్రియ వాక్యం చివర వచ్చే భాషల్లో లో, కి, నుంచి వంటివి నామవాచకం తర్వాత వస్తాయనీ, అలాంటి భాషల్లో షష్ఠి నామవాచకానికి ముందు వస్తుందనీ ఆయన గమనించిన సంగతులు తెలుగుకు అచ్చంగా సరిపోతాయి. అంతకు నూరేళ్ళకు పైగా ముందే, 1856లో, కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఈ భాషలకూ సంస్కృతానికీ ఉన్న తేడాలు చెబుతూ, శాసించే పదం శాసితపదం తర్వాత రావడాన్నీ, సంబంధ సర్వనామాలకు బదులు వచ్చిన, చేసిన వంటి క్రియాజన్య విశేషణాలు ఉండడాన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. 1992లో మాథ్యూ డ్రయర్ మరెన్నో భాషలను పరిశీలించి గ్రీన్‌బర్గ్ మాటను ఒకచోట సవరించాడు: షష్ఠి, సంబంధ వాక్యాల చోటుకూ క్రియ చోటుకూ ముడి ఉంది గాని, గుణవాచకం చోటుకు అలాంటి ముడి లేదు. ఈ సవరణ మనకు ముఖ్యం. ‘ఆ మూడు పెద్ద ఇళ్ళు’ రెండు భాషల్లోనూ ఒకేలా ఉండడం వల్ల ఇంగ్లీషు సగం తెలుగులాంటిదని చెప్పలేం. అది ఏ రకం భాషలోనైనా జరగగల పోలిక. అసలు పరీక్ష షష్ఠి దగ్గర, క్రియతో కూడిన విశేషణాల దగ్గర జరగాలి. దస్తావేజుల నిండా ఉండేవి సరిగ్గా ఆ రెండే. అందుకే ఈ చరిత్రకు కావ్యాల కన్నా కాగితాలు గట్టి సాక్ష్యం.

పైగా కావ్యంలో ఛందస్సు కోసం మాటలు ముందు వెనక అవుతాయి. భూమి ఇచ్చే శాసనంలో ఆ వెసులుబాటు లేదు. ఏ ఊరి భూమి, ఏ దేవుడికి, ఎవరిచ్చారు అన్నది తికమక పడితే తగాదా వస్తుంది. తెలుగు శాసనాల్లో అతి పాతవాటిలో ఒకటైన కలమళ్ళ శాసనం వెలికొండలకు అవతల కడప సీమది, క్రీ.శ. 575 ప్రాంతానిది. అందులో రాజు బిరుదు ముందు, పేరు వెనక: ఎరికల్ ముతురాజు ధనంజయుడు. మనిషి ఊరు షష్ఠి రూపంలో ముందు, మనిషి వెనక: చిఱుంబూరి రేవణకాలు. ఆ ‘ఊరి’ రూపం ‘మా ఊరి చెరువు’ అన్నప్పుడు ఈనాటికీ అలాగే పలుకుతుంది. విజయనగర కాలం నాటికి తెలుగు దాన శాసనానికి ఒక చట్రం స్థిరపడింది. శాలివాహన శక వర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన బారెడు బిరుదులతో రాజు, ఆయన రాజ్యం చేస్తుండగా ఫలానా సీమలోని ఫలానా ఊరి ఫలానా దేవుడికి ఫలానా వారు ‘ఇచ్చిన ధర్మశాసనం’. కాలం పెద్దదాని నుంచి చిన్నదానికి, చోటు పెద్దదాని నుంచి చిన్నదానికి, చివర ‘ఇచ్చిన’ అన్న క్రియాజన్య విశేషణం, దాని వెంట విశేష్యం. గూడూరు దస్తావేజులో ‘వ్రాయించి ఇచ్చిన దస్తావేజు’ అన్న చోట ఈ చట్రమే ఉంది. శాసనం పోయి దస్తావేజు వచ్చింది, రాయి పోయి స్టాంపు కాగితం వచ్చింది. ‘ఇచ్చిన’ చోటు మాత్రం కదలలేదు. భూమిని నాలుగు ఎల్లలతో చెప్పే తీరు శాసనాల్లో చతుస్సీమ పేరుతో ఉండేది, దస్తావేజులో అది చెక్కుబందీ అయింది. ‘ఈ హద్దుల మధ్య గల భూమి’ అన్నప్పుడు హద్దులు ముందు, భూమి తర్వాత. నిధి, నిక్షేపం, జలం, తరువు, పాషాణం అంటూ ఎంచే అష్టభోగ తేజస్స్వామ్యాలు రాతి మీది నుంచి ఇప్పటి కాగితాల్లోకి దాదాపు మాట మారకుండా దిగి వచ్చాయి.

గూడూరు ప్రాంతానికి ఇంకొక విశేషం ఉంది. నెల్లూరు జిల్లా శాసనాలను ఆలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా తాలూకాల వారీగా ప్రచురించారు. వాటిలో తెలుగుతో పాటు తమిళ శాసనాలూ ఉన్నాయి. జిల్లాలో దక్షిణానికి పోయేకొద్దీ తమిళం పాలు పెరుగుతుంది. గూడూరుకు దక్షిణాన మల్లాం సుబ్రహ్మణ్యస్వామి గుడిలో ఉన్నవి తమిళ శాసనాలే. చోళుల కాలపు తమిళ శాసనం ఊరిని చెప్పే తీరు ప్రసిద్ధం: మండలం, అందులోని కోట్టం, అందులోని నాడు, అందులోని ఊరు, ఆ ఊరి దేవుడు. ప్రతి మెట్టు దగ్గరా షష్ఠి రూపం, చివర విశేష్యం. భాష మారింది, లిపి మారింది, వరుస మారలేదు. ఒక తెలుగు లేఖరి, ఒక తమిళ లేఖరి కాగితాలు మార్చుకుంటే మాటలకు మాటలు పెట్టుకుంటూ పోవచ్చు, చోట్లు కదిలించనక్కరలేదు. ఈ సరిహద్దు సీమలో జనం శతాబ్దాల పాటు రెండు భాషల్లో బతకడం తెలుగు వరుసకు బలమే ఇచ్చిందని అనుకోవడంలో తప్పులేదు.

సంస్కృతం సంగతి వేరు. దాని వాక్యంలో మాటల వరుస స్వేచ్ఛగా ఉంటుంది. యః, సః అంటూ సంబంధ సర్వనామాలు ఉంటాయి. అయితే తెలుగు దాని నుంచి తీసుకున్నది వాక్యాలను కాదు, సమాసాలను. తత్పురుష సమాసంలో పెద్ద భాగం ఉత్తరపద ప్రధానం: రాజపుత్రుడు, దేవాలయం, భూదానం. ఇవి తెలుగు వరుసకు ఎదురు నిలవలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని విభజించాడు. ఆ విభాగం సాధ్యమైందే మూడింటి వరుసా ఒకటి కావడం వల్ల. ఇక్కడ వ్యాకరణం తెలిసినవారు ఒక ఆక్షేపణ తేవచ్చు. మధ్యాహ్నం అంటే అహ్నం మధ్య భాగం. అక్కడ ప్రధానమైన ‘మధ్య’ ముందే ఉంది కదా, తెలుగులోనే నడురేయి అంటే రేయి నడుమ కదా అని. నిజమే. వ్యాకర్తలు వీటికి ప్రథమా తత్పురుష అని వేరే పేరు పెట్టాల్సి వచ్చిందంటేనే అవి దారి తప్పినవని తెలుస్తోంది. ఆ కోవలో ఉన్నవి ముందు, నడుమ, సగం, కొస వంటి భాగాలను చెప్పే కొన్ని మాటలే. కొత్త సమాసాలు ఆ పద్ధతిలో విరివిగా పుట్టవు. వాడేవాడు కూడా ‘నడురేయి’ అన్నదాన్ని ఒక రకం రేయిగానే భావించి, ముందున్న నడుమను విశేషణంగా సర్దుకుంటాడు.

గోల్కొండ, ఆర్కాటు నవాబుల కాలంలో ఫారసీ కచేరీ భాషగా వచ్చి తెలుగు కాగితాన్ని మాటలతో నింపేసింది. దస్తావేజు, జిల్లా, తాలూకా, హద్దు, హక్కు, వారసుడు, జమాబందీ అన్నీ ఆ దారిన వచ్చినవే. ఫారసీలో విశేష్యం ముందు ఉంటుంది. పెద్ద వజీరును వజీరే ఆజం అంటారు, వజీరు ముందు, పెద్దరికం వెనక. ఇది మన కాగితాల్లోకి రానే లేదని చెప్పడానికి వీల్లేదు. సర్వే అధికారి మెకంజీ పందొమ్మిదో శతాబ్ది తొలి ఏళ్ళలో పోగుచేయించిన ఊళ్ళ చరిత్రల, అంటే కైఫీయతుల తలకట్లలో ‘కైఫీయతు మౌజే ఫలానా ఊరు’ అన్న తీరు కనిపిస్తుంది. కైఫీయతు ముందు, ఊరు చివర. అయితే తలకట్టు దాటి కథనంలోకి దిగగానే ఫలానా ఊరి చెరువు, ఫలానా రాజు కట్టించిన గుడి అని తెలుగు వరుస మొదలవుతుంది. మరాఠీ కాగితాలతో పోల్చితే తేడా ఇంకా తెలుస్తుంది. అక్కడ ఊరి పేరుకు ముందు మౌజే, తర్వాతి పేర్లకు ముందు తాలుకా, జిల్హా అని ఈనాటికీ రాస్తారు. మరాఠీ కూడా క్రియ చివర వచ్చే భాషే గనుక, ఫారసీ అలవాటు నిలవడం అసాధ్యమేమీ కాదన్నమాట. గూడూరు తాలూకా, నెల్లూరు జిల్లా అన్న మాటల్లో తెలుగు దాన్ని తిప్పేసుకుంది. ఫారసీలోనే విశేష్యం చివర వచ్చే ఒక తలుపు కూడా ఉంది. అది ‘దారు’తో అంతమయ్యే సమాసాల తలుపు: తహసీల్దారు, హక్కుదారు, పట్టాదారు. ఇవి మాత్రం తిప్పే పని లేకుండా లోపలికి వచ్చి, వాటాదారు, ఖాతాదారు అని సంతానాన్ని కూడా కన్నాయి.

ఇంగ్లీషు ఈ సీమకు సముద్రం మీంచి వచ్చింది. మచిలీపట్నంలో 1611 నుంచి వర్తకం చేస్తున్న ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1626లో గూడూరుకు తూర్పున, పులికాట్ సరస్సు ఉత్తరపు కొసన ఉన్న దుగరాజపట్నంలో కొఠీ పెట్టి, కోట కట్టి ఫిరంగులు నిలిపారు. వాళ్ళ రికార్డుల్లో ఆ చోటు పేరు ఆర్మగాన్. అక్కడి కొఠీకి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర దక్షిణాన కొత్త చోటు సంపాదించాడు. 1640లో కంపెనీ అక్కడికి మారిపోయింది. ఆ కొత్త చోటులో లేచినవి రెండు పేర్లు. కంపెనీ తన కోటకు ఫోర్ట్ సెంట్ జార్జ్ అని పెట్టుకుంది. కోట ముందు, ఎవరి కోట అన్నది వెనక. పక్కన జనం ఉన్న ఊరు వెంకటప్ప తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అయింది. ఎవరిది అన్నది ముందు, పట్నం వెనక. దుగరాజపట్నం, నాయుడుపేట, సూళ్ళూరుపేట, వెంకటగిరి అన్నీ ఇలా కట్టినవే. ఒకే తీరపు ఇసుక మీద ఎదురెదురు వరుసల పేర్లు ఇలా పక్కపక్కన నిలిచాయి. చెన్నపట్నం తరహా పేరు ఇంగ్లీషులో లేదని కాదు, జార్జిటౌన్ అని వాళ్ళకూ ఉంది. ఇంగ్లీషు రెండూ కట్టగలదు. తెలుగు ఒకటే కడుతుంది.

1801లో కర్ణాటక నవాబు నుంచి నెల్లూరు కంపెనీ చేతికి వచ్చాక ఈ పరిచయం కచేరీ వ్యవహారమైంది. 1873లో బోస్వెల్ తయారుచేసిన జిల్లా మాన్యువల్ పేరునే నమూనాగా చూడవచ్చు: ‘ఎ మాన్యువల్ ఆఫ్ ద నెల్లూరు డిస్ట్రిక్ట్ ఇన్ ద ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’. తెలుగులో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా మాన్యువల్ అవుతుంది. మొదటిది చివరికి, చివరిది మొదటికి. మొత్తం తిరగబడ్డా మధ్యలో ‘నెల్లూరు డిస్ట్రిక్ట్’ అన్న రెండు మాటలు మాత్రం తిరగలేదు. నెల్లూరు ముందే, జిల్లా వెనకే. ఇంగ్లీషులో నామవాచకం పక్కన నామవాచకం పెట్టి కట్టే సమాసం తెలుగు సమాసంలాగే విశేష్యంతో ముగుస్తుంది. తెలుగులోకి ఇంగ్లీషు మాటలు ఇంత సులువుగా దిగడానికి ఇది పెద్ద కారణం. రైల్వే స్టేషను, బస్ స్టాండు, పోస్టాఫీసు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, స్టాంపు డ్యూటీ, గూడూరు జంక్షన్ అన్నీ విప్పి కట్టే పని లేకుండా వచ్చాయి. గూడూరు మైకా వ్యాపారంలో గ్రీన్ మైకా, రూబీ మైకా అన్న రకాల పేర్లూ అంతే. ‘ఆఫ్’ ఉన్నవాటికి ఆ భాగ్యం లేదు. బోర్డ్ ఆఫ్ రెవెన్యూ మన నోట రెవెన్యూ బోర్డు అయింది, కలెక్టర్ ఆఫ్ నెల్లూరు నెల్లూరు కలెక్టరు అయ్యాడు, గవర్నమెంట్ ఆఫ్ ఇండియా భారత ప్రభుత్వం అయింది. తిప్పడానికి కుదరనివి ఒకే ముద్దగా మిగిలాయి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అన్నదాన్ని దస్తావేజు లేఖర్లు జీపీఏ అనేస్తారు. అక్షరాలుగా కుదించాక లోపల ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరికీ పట్టదు. బయట మాత్రం ‘మా అన్న ఇచ్చిన జీపీఏ’ అని తెలుగు విశేషణాలన్నీ ముందే చేరతాయి. క్రికెట్ వార్తల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అంతే. ‘నిన్నటి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’ అనే అంటాం, నిన్నటిని వెనక పెట్టం.

దీనికి గట్టి ఆక్షేపణ పోస్టు కవరు. ఉత్తరం మీద చిరునామా తెలుగులో రాసినా ముందు మనిషి పేరు, తర్వాత ఇంటి నంబరు, వీధి, ఊరు, పోస్టు, మండలం, జిల్లా. చిన్నది ముందు, పెద్దది వెనక. దస్తావేజు ఏ వరుసలో రాస్తుందో దానికి సరిగ్గా ఎదురు. ఇంగ్లీషు వరుస తెలుగును గెలిచిన చోటు ఇదే కదా అనవచ్చు. కవరు మీది మాటలను దగ్గరగా చూస్తే సంగతి తేలుతుంది. అక్కడ వరుసలున్నాయి గాని పదబంధం లేదు. ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య ‘లోని’ లేదు, ‘యొక్క’ లేదు, ‘ఊరి’ అన్న షష్ఠి రూపం లేదు. ఒక్కో వరుస విడి మాట. ఆ వరుస లోపలికి వెళితే గూడూరు పోస్టు, నెల్లూరు జిల్లా అని తెలుగు కట్టే. పైనుంచి కిందికి ఎలా పేర్చాలన్నది తపాలా శాఖ మర్యాద, వ్యాకరణం కాదు. దీనికి తిరుగులేని సాక్ష్యం సోవియట్ రష్యా. రష్యన్ భాషలో షష్ఠి నామవాచకం వెనక వస్తుంది. అయినా సోవియట్ కవరు మీద దేశం, నగరం, వీధి, ఇల్లు, ఆఖరున మనిషి పేరు రాసేవారు. జపాను, చైనాల్లోనూ చిరునామా పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తుంది; ఆ రెండు భాషల్లోనూ విశేష్యం చివర ఉంటుంది గనుక అది భాష గుణమేమో అనిపిస్తుంది, రష్యా ఉదాహరణ ఆ తొందరను ఆపుతుంది. ఇంకా తమాషా ఏమంటే మన కవరు మీదే రెండు వరుసలూ ఉన్నాయి. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ పెద్దదాని నుంచి చిన్నదానికి నడుస్తుంది. గూడూరు 524101లో మొదటి అంకె దేశంలో ఒక పెద్ద మండలాన్ని, తర్వాతి రెండూ అందులోని భాగాలను, చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. మాటల్లో చిన్నది ముందు, అంకెల్లో పెద్దది ముందు. తపాలా ఉద్యోగికి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే రెండూ జాబితాలే.

ఇంకొక ఆక్షేపణ వాక్యానికే సంబంధించినది. చట్టాల అనువాదాల్లో, బైబిల్ తెలుగులో, ఇప్పటి టీవీ మాటల్లో ‘ఎవరైతే దరఖాస్తు చేశారో వారు’, ‘ఏదైతే ఉందో అది’ అన్న తీరు పెరిగింది. ఇది ఇంగ్లీషు సంబంధ వాక్యానికి నకలు అంటారు. ఏ, ఆ అని జంటగా వచ్చే వాక్యాలు తెలుగులో పాతవే, సంస్కృత యత్, తత్‌ల ఆసరాతో బలపడినవే. వాటి వాడుక ఇంగ్లీషు ఒత్తిడి వల్ల పెరిగిందని ఒప్పుకుందాం. అప్పుడు కూడా చూడవలసింది చోటు. ‘ఎవరైతే చేశారో’ అన్నది ముందు వస్తుంది, ‘వారు’ అన్నది వెనక. ఇంగ్లీషులో మనిషి ముందు, అతడు చేసింది వెనక. ఇంగ్లీషు నుంచి సంబంధ సర్వనామం పని అరువు తెచ్చుకున్నాం గాని, ఇంగ్లీషు చోటు అరువు తెచ్చుకోలేదు. దస్తావేజు వరుస కేవలం కచేరీ బిగువు అనేవారికి సమాధానం బంధుత్వాల దగ్గర దొరుకుతుంది. ‘మా మేనమామ కూతురి మొగుడి తమ్ముడు’ అన్నదాన్ని చదువు రానివాడు కూడా వేరే వరుసలో అనలేడు. ఇంగ్లీషువాడు తమ్ముడి నుంచి మొదలుపెట్టి వెనక్కి రావచ్చు, మామ నుంచి మొదలుపెట్టి ముందుకు పోవచ్చు. కచేరీ వాక్యం చేసిందల్లా ఇంట్లో మాట్లాడే వరుసనే అరపేజీ వరకు సాగదీయడం.

సంఖ్యల సంగతి కూడా చెప్పుకోవాలి. షెడ్యూలులో ‘య. 1.50’ అని రాస్తారు, సొమ్ము దగ్గర ‘రూ. 5,000’ అని; కొలత ముందు, సంఖ్య వెనక. చదివేటప్పుడు ఎవరూ అలా చదవరు. ఎకరన్నర అంటారు, అయిదు వేల రూపాయలు అంటారు, ‘అక్షరాలా’ అని పక్కన రాసేదీ ఆ వరుసలోనే. అంకె ముందు గుర్తు పెట్టడం లెక్కల పుస్తకం అలవాటు. ‘మనుషులు నలుగురు వచ్చారు’ అన్నప్పుడు సంఖ్య నిజంగానే వెనక వస్తుంది; అయితే ఆ నలుగురు విశేషణం కాదు, సొంత విభక్తి తీసుకోగల నామవాచకం. ‘ఇల్లు పెద్దది’ అన్నప్పుడు కూడా పెద్దకు ‘ది’ చేరి అది విడి నామవాచకమైపోయింది. వెనక నిలబడాలంటే విశేషణం తన పని మానుకోవాలన్నదే ఇక్కడి నియమం.

పేర్ల విషయంలో మాత్రం ఇంగ్లీషు కొంత లోపలికి వచ్చింది. తెలుగులో ఇంటిపేరు విశేషణం. పొట్టి శ్రీరాములు, వెలుగోటి యాచేంద్ర అన్నప్పుడు ఏ ఇంటి మనిషి అన్నది ముందు వస్తుంది. పాస్‌పోర్టు, విదేశీ యూనివర్సిటీ ఫారాలు పేరును ముందుకు, ఇంటిపేరును వెనక్కి తోశాయి. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు తమ పేర్లను ఆ వరుసలోనే చెబుతారు. ఊళ్ళో ఇనీషియల్ పెట్టేటప్పుడు అది ముందే ఉంటుంది, కాబట్టి ఇక్కడ పాత వరుస పొట్టిగా నిలిచింది. పేర్ల మార్పు పెద్దదే గాని అది కూడా ఫారంలోని గళ్ళ మార్పు. ఆ పిల్లలే తెలుగు మాట్లాడేటప్పుడు ‘మా అమ్మమ్మ వాళ్ళ ఊరు’ అంటారు.

జిల్లాలు, తాలూకాలు మారినప్పుడు కూడా ఈ కట్టు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2008లో నెల్లూరు జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. కొత్త మాటలన్నీ ఎడమ వైపే చేరాయి, జిల్లా చివరే ఉంది. 2022 ఏప్రిల్ 4న గూడూరును తిరుపతి జిల్లాలో కలిపారు. దస్తావేజులో చోటు చెప్పే మొదటి మాట మారింది, కవరు మీద చివరి మాట మారింది. వ్యవస్థ ఎన్నిసార్లు కదిలినా దస్తావేజు లేఖరి మాటను మారుస్తాడు, చోటును మార్చడు.

అయితే ఈ కట్టు ఎప్పటికీ చెక్కుచెదరదని చెప్పే హక్కు చరిత్రకు లేదు. ఇంగ్లీషే విభక్తులు పోగొట్టుకున్నాక షష్ఠి చోటు మార్చుకుంది. తెలుగులో విభక్తి రూపాలు బలంగా ఉన్నంతకాలం వరుసకు కాపలా ఉంటుంది. ఆ కాపలాకు ఎదురవుతున్నది ఇంగ్లీషు వరుస కన్నా ఫారం. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటరుకు ఎక్కినప్పటి నుంచి దస్తావేజులోని సమాచారం గళ్ళలోకి విడిపోతూ వచ్చింది: పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. గళ్ళలో ఏది ముందున్నా ఒకటే, ఎందుకంటే వాటి మధ్య షష్ఠి లేదు, ‘ఇచ్చిన’ లేదు. అరపేజీ పొడుగు నామపదబంధం అనే రచనా విధానం అలా కనుమరుగు కావచ్చు. దానితో పాటు ఒక మాటకు పదిహేను విశేషణాలు తగిలించినా అర్థం చెడకుండా నడిపించే నేర్పు లేఖర్ల చేతిలోంచి పోతుంది; అది నిజమైన నష్టమే. తెలుగు వరుస మారిందని మాత్రం దాన్నిబట్టి తీర్మానించకూడదు. అందుకు వేరే ఆధారం కావాలి. ‘ఇల్లు మా తాత కట్టిన’ అనో, ‘చెరువు మా ఊరి’ అనో జనం పాట కోసమో ఒత్తు కోసమో కాక మామూలు మాటగా అని, విన్నవాడికి ఎబ్బెట్టుగా తోచని రోజు రావాలి. సంస్కృతం, ఫారసీ, ఇంగ్లీషు మూడూ కచేరీలో కూర్చుని ఏలిన ఈ సీమలో అలాంటి వాడుక ఇంతవరకు పుట్టలేదు.